చివరి వరుసలో, కిటికీ పక్కన

మా కేంద్రంలో ఈ మధ్యే చేరిన సహోద్యోగి ఒకరు నిన్న మధ్యాహ్నం పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చారు. "మేడమ్, పత్తిలో గులాబీ రంగు పురుగు మీద మీరు చేసిన స్లైడ్లు ఇస్తారా? గురువారం నాకు రైతుల సమావేశం ఉంది" అన్నారు. ఇచ్చాను. ఇంటికి వచ్చాక మనసు ఒప్పలేదు. ఆ స్లైడ్లు పదకొండే ఎందుకున్నాయో, ఒక్కోదాని మీద ఒకే వాక్యం ఎందుకుందో చెప్పకుండా ఫైలు మాత్రం చేతిలో పెడితే, రెండు నెలల్లో అది నలభై స్లైడ్లు అవుతుంది. నాది నలభై ఆరుతో మొదలైంది కాబట్టి ఆ దారి నాకు బాగా తెలుసు.

అది 2017 సెప్టెంబరు. పత్తి పూత, కాయ దశలో ఉంది. బీటీ విత్తనం వేస్తే కాయ తొలిచే పురుగుల బాధ ఉండదని నమ్ముకున్న రైతులు గులాబీ రంగు పురుగుతో నష్టపోతున్న రోజులు. ఒక ఊరి ఉన్నత పాఠశాలలో, తొమ్మిదో తరగతి గదిలో సమావేశం పెట్టారు. గోడకు తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ వేశాం. నేను యాభై నిమిషాలు మాట్లాడాను. పురుగు శాస్త్రీయ నామం, జీవితచక్రంలోని దశలు, ఏ దశకు ఎన్ని రోజులు, ఏ మందు ఎంత మోతాదు, ఏదీ వదల్లేదు. అందరూ ఎంతో ఓపికగా విన్నారు. చివర్లో, వెనక వరుసలో కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడి, "అమ్మా, అంతా బాగా చెప్పారు. బుట్టలో ఎన్ని పురుగులు పడితే మందు కొట్టాలో అదొక్కటి చెప్పండి" అని అడిగారు.

ఆ సంగతి నా స్లైడ్లలో ఉంది. పంతొమ్మిదో స్లైడులో, ఐదో చుక్క కింద, లోపలికి జరిపి రాసిన చిన్న అక్షరాల్లో ఉంది. ఆడ పురుగు వాసనను పోలిన ఎరతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా 3 రోజులు పడితే చర్య తీసుకోవాలి. రైతు ఇంటికి తీసుకెళ్లాల్సిన ముఖ్యమైన అంకె అదే. దాన్ని నేను పది సెకన్లలో దాటేశాను. ఉచ్చరించడానికి నాకే కష్టమైన లాటిన్ పేరుకు మాత్రం ఒక స్లైడు మొత్తం ఇచ్చాను.

చిన్న అక్షరాల్లో దాగిన అంకె ఎంత పని చేయగలదో కొలంబియా వ్యోమనౌక గురించి చదివినప్పుడు మరింత బాగా అర్థమైంది. 2003 జనవరి 16న అది బయలుదేరిన సుమారు 82 సెకన్లకు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో తిరుగుతుండగానే ఇంజినీర్లు ఆ దెబ్బను అంచనా వేసి అధికారుల ముందు స్లైడ్లు పెట్టారు. వాటిలో ఒక స్లైడు శీర్షిక చదివితే భయపడాల్సిందేమీ లేదన్న భావం కలుగుతుంది. దాని అట్టడుగు వరుసలో అసలు విషయం ఉంది. పరీక్షల్లో వాడిన నురుగు ముక్క పరిమాణం 3 ఘనపు అంగుళాలు. రెక్కను కొట్టిన ముక్క 1920 ఘనపు అంగుళాలని అంచనా. అంటే 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లా సహా అందులోని ఏడుగురూ చనిపోయారు. ప్రమాదానికి కారణం నురుగు ముక్క కొట్టిన దెబ్బే. కానీ సమాచారాన్ని స్లైడ్లలోకి కుదించిన తీరును, సమాచారాన్ని బొమ్మల్లో చూపే పద్ధతుల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ విశ్లేషిస్తే, దర్యాప్తు సంఘం తన నివేదికలో దాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ స్లైడు బొమ్మను చూసిన రోజున నా పంతొమ్మిదో స్లైడు తెరిచి పక్కన పెట్టుకున్నాను. రెండిటి అమరికా ఒకటే. పైన పెద్ద శీర్షిక, దాని కింద చుక్కలు, చుక్కల కింద గీతలు, అన్నిటికన్నా కింద అసలు మాట.

అప్పటినుంచి స్లైడు శీర్షికను పూర్తి వాక్యంగా రాస్తున్నాను. "గులాబీ రంగు పురుగు: సమగ్ర యాజమాన్యం" అనేది పుస్తకంలో అధ్యాయానికి పేరు. అది చదివి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేరు. "రోజుకు 8 చొప్పున 3 రోజులు పడితే మందు కొట్టండి" అన్నది వాక్యం. వాక్యం రాయడానికి కూర్చుంటే మనకు చెప్పడానికి ఏమైనా ఉందో లేదో వెంటనే తేలిపోతుంది. నలభై ఆరు స్లైడ్లకు అలా వాక్యాలు రాయడానికి ప్రయత్నించాను. ఇరవైకి పైగా వాటికి వాక్యమే దొరకలేదు. వాటిని తీసేశాను. కొన్ని ఒకే వాక్యాన్ని రెండు మూడు రకాలుగా చెబుతున్నాయి. వాటిని కలిపేశాను. అందుకే ముందు కాగితం మీద వాక్యాలు రాసుకొని, ఆ తర్వాతే కంప్యూటర్ తెరవమని అందరికీ చెబుతాను. ఖాళీ స్లైడు తెరిచి ఆలోచిస్తే చుక్కలే పుట్టుకొస్తాయి.

ఇక తెలుగు అక్షరం సంగతి. దీని గురించి నేను ఎంత చెప్పినా ఇంకా మిగిలే ఉంటుంది. ఎందుకంటే స్లైడ్ల గురించి దొరికే సలహాలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని మనసులో పెట్టుకొని రాసినవే. ఇంగ్లీషు అక్షరం గీత మీద నిలబడుతుంది. మన అక్షరానికి పైన గుడి, ఏత్వం, తలకట్టు; కింద వత్తు, వత్తు కింద మరో వత్తు. "శాస్త్రవేత్త" అన్న మాట ఒక వరుసలో ఉండి, దాని కింద వరుసలో "నీటి" అని ఉంటే, పై వత్తులు కింది గుడిలో ఇరుక్కుంటాయి. పవర్‌పాయింట్ మామూలు నమూనాలో వరుసల మధ్య దూరం 0.9గా పెట్టి ఉంటుంది. ఇంగ్లీషుకు అది ముచ్చటగానే ఉంటుంది, తెలుగుకు ఊపిరాడదు. నేను స్లైడ్ మాస్టర్‌లోకి వెళ్లి దాన్ని 1.2 చేస్తాను. అక్కడ ఒకసారి మారిస్తే స్లైడ్లన్నీ మారతాయి. ఒక్కొక్క పెట్టెలో దిద్దుకుంటూ కూర్చోనక్కర్లేదు.

మాట కింద గీత గీయడం మానండి. ఇంగ్లీషులో అది అక్షరం కింద నుంచి పోతుంది, తెలుగులో వత్తుల మెడ మీదుగా పోతుంది. "మందు కొట్టొద్దు" అని రాసి గీత గీస్తే, ఆ గీత దెబ్బకు "కొట్టొద్దు"లో వత్తులు రెండూ కలగలిసిపోతాయి. రైతు సభలో ఆ మాట సరిగా కనబడకపోతే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. వాలు అక్షరాలు మన లిపి సంప్రదాయంలో లేవు. కంప్యూటర్ వాటిని పక్కకు వంచి చూపిస్తుంది, చదవడానికి ఇబ్బంది తప్ప ప్రయోజనం ఉండదు. నొక్కి చెప్పాలనుకుంటే ఆ ఒక్క మాట రంగు మార్చండి, లేదా సైజు పెంచండి.

లావు అక్షరాల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. చాలా తెలుగు ఫాంట్లు ఒకే మందంతో వచ్చాయి. అలాంటి ఫాంటును ఎంచుకొని బోల్డ్ మీట నొక్కితే, కంప్యూటర్ అంచులను ఉబ్బించి లావు చేస్తుంది. అప్పుడు "ఘ", "ఝ" వంటి అక్షరాల్లోని ఖాళీలు పూడిపోతాయి. నిజంగా లావు అక్షరం గీసి ఉన్న ఫాంటును వాడుకోవడం మేలు. నోటో సాన్స్ తెలుగులో సన్నని వాటి నుంచి అతి లావు వాటి దాకా తొమ్మిది మందాలున్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన వాటిలో రామభద్ర పుట్టుకతోనే లావు. పెద్ద శీర్షికకు బాగుంటుంది, పేరాకు పనికిరాదు. మండలి మామూలు పాఠానికి హాయిగా ఉంటుంది. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. విండోస్‌లో ముందే ఉండే నిర్మల కూడా పనికొస్తుంది. వేరే కంప్యూటర్ మీద చూపించాల్సి వస్తే అదే భరోసా. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లతోనే నేను యూనికోడ్‌లోకి, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ కంప్యూటర్‌లో సొంత సంకేతం ఉండే పద్ధతిలోకి వచ్చాను. ఆయనకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

యూనికోడ్‌కు ముందు ఒక జిల్లా కేంద్రంలో జరిగింది చెప్పాలి. పాత డీటీపీ ఫాంటులో కొట్టిన స్లైడ్లు తీసుకెళ్లాను. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరం చోటులో కూర్చుని ఉంటుంది. అక్కడి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేదు. తెర మీద తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొక్కేలు వరుసగా వచ్చాయి. ఆ రోజు నల్లబల్ల మీద సుద్దముక్కతో చెప్పాను. ఇప్పుడు మూడు పనులు చేస్తాను. యూనికోడ్‌లోనే కొడతాను. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ఫాంట్లను ఫైలులోనే పొదుగుతాను. దానితో పాటు పీడీఎఫ్ ప్రతి ఒకటి తీసి అదే పెన్‌డ్రైవ్‌లో పెడతాను. పీడీఎఫ్‌లో వీడియో ఆడదు, కానీ అక్షరం చెదరదు.

మరొకటి, ఎవరూ గమనించని ఆటోఫిట్. పెట్టెలో అక్షరాలు పట్టకపోతే పవర్‌పాయింట్ తనంతట తానే వాటిని కుదిస్తుంది. మనం 32 సైజు అనుకుంటూ కొడుతూ పోతాం, ఆరో వరుసకు వచ్చేసరికి అది 20 అయి ఉంటుంది. దాన్ని ఆపేయండి. అక్షరాలు పెట్టె దాటి బయటికి వస్తే, మాటలు ఎక్కువయ్యాయని స్లైడే మనకు చెబుతున్నట్టు.

డబ్బు పెట్టి కొనలేని వారు లిబ్రెఆఫీస్ ఇంప్రెస్ నిస్సంకోచంగా వాడవచ్చు. రెండేళ్లు నేను దానితోనే పని చేశాను. అందులో తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో చేర్చారు. భాషల అమరికలోకి వెళ్లి ఆ వర్గాన్ని చేతనం చేయాలి. అక్షరాల పెట్టెలో తెలుగు ఫాంటుకు, సైజుకు వేరే గడి ఉంటుంది. ఇంగ్లీషు గడిలో సైజు మార్చి, తెలుగు మారలేదేమిటని తల పట్టుకునేవారిని చాలామందిని చూశాను. ఇద్దరు ముగ్గురు తలో ముక్క చేసి కలిపి తయారు చేయాల్సి వస్తే గూగుల్ స్లైడ్స్ సులువు. అయితే చూపించే చోట నెట్ ఉంటుందని నమ్మకుండా ఫైలు దించుకొని వెళ్లండి. పనిముట్టు ఏదైనా ఒక్కటి బాగా తెలిస్తే చాలు.

ఫొటోలు. గులాబీ రంగు పురుగు ఉన్న కాయ పైకి నవనవలాడుతూనే ఉంటుంది. లార్వా లోపలికి పోయిన రంధ్రం పూడిపోతుంది. చేను చూసి "బాగుంది" అనుకున్న రైతు కాయ చీల్చి చూసేదాకా నమ్మడు. కాబట్టి ఇక్కడ నూరు మాటల కన్నా చీల్చిన కాయ ఫొటో ఒక్కటి ఎక్కువ పని చేస్తుంది. ఎడమ పక్కన మంచి కాయలా కనిపించే కాయ, కుడి పక్కన అదే కాయను చీల్చినప్పుడు లోపల పురుగు. పైన ఒకే వాక్యం: "పైకి బాగున్న కాయనూ చీల్చి చూడండి." ఆ స్లైడు వేసిన ప్రతిసారీ గదిలో అందరూ ముందుకు వంగుతారు. గుడ్డి పూలకూ అంతే. రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న పువ్వు ఫొటో పెడితే, "మా చేలో ఇలాంటివి ఉన్నాయి" అని ఎవరో ఒకరు వెంటనే అంటారు.

ఫొటోలు మన చేలలోనే తీసుకోవాలని నా పట్టుదల. నెట్‌లో వెతికితే వేరే కాయతొలుచు పురుగు బొమ్మలు కూడా ఈ పేరుతోనే దొరుకుతాయి. ఫోను కెమెరా చాలు. ఎండ నేరుగా పడకుండా గొడుగు నీడలో, నల్లగుడ్డ మీద కాయ పెట్టి, పక్కన రూపాయి బిళ్ల ఉంచి తీస్తాను. బిళ్ల లేకపోతే తెర మీద ఆ చిన్న పురుగు చేయంత కనిపిస్తుంది. మర్నాడు చేలో రైతు చేయంత పురుగు కోసం వెతుకుతాడు. స్లైడులో ఫొటోను పెంచేటప్పుడు మూల పట్టుకొనే లాగాలి. పక్క అంచు పట్టుకొని లాగితే పురుగు సాగిపోయి వేరే జాతిలా కనిపిస్తుంది. ఫొటోలన్నీ పెట్టాక కంప్రెస్ పిక్చర్స్‌లో 150 పీపీఐ ఎంచుకుంటే ఫైలు బాగా తగ్గుతుంది, తెర మీద తేడా తెలియదు.

వెలుతురు గురించి చాలామంది ఆలోచించరు. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నల్లగా ఉండాల్సిన చోట వెలుగు వేయకుండా వదిలేస్తుంది, అంతే. కిటికీలు మూయడానికి వీల్లేని గదిలో, పట్టపగలు, తెల్ల గోడ మీద ఆ "నలుపు" బూడిద రంగులో ఉంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎంతో అందంగా కనిపించిన ముదురు నీలం స్లైడు అక్కడ వెలిసిపోతుంది. మా సమావేశాలన్నీ పగలే కాబట్టి నాది ఎప్పుడూ లేత నేల, ముదురు అక్షరం. "చేయండి", "చేయకండి" అన్నవాటికి ఆకుపచ్చ, ఎరుపు రంగులు మాత్రమే నమ్ముకోను. ఆ రెండు రంగుల తేడా తెలియని మగవారు ప్రతి పెద్ద సభలోనూ ఉండవచ్చు. పక్కన టిక్కు, ఇంటూ గుర్తులు కూడా పెడతాను.

పాత ప్రొజెక్టర్లయితే ఇంకో చిక్కు ఉంది. ఇప్పటి స్లైడు 16:9 వెడల్పులో ఉంటుంది, పాతవి 4:3. వెడల్పు స్లైడును వాటి మీద వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి తెర ఎత్తులో నాలుగో వంతు వృథా అవుతుంది. ముందురోజే ఫోను చేసి కనుక్కొని సైజు మార్చుకుంటే, ఆ చోటు కూడా అక్షరాలకే దక్కుతుంది.

అక్షరం ఎంత ఉండాలన్న ప్రశ్నకు నేను చేసే లెక్క ఇది. తెర మీద బొమ్మ వెడల్పు 6 అడుగులు, చివరి వరుస 30 అడుగుల దూరంలో ఉందనుకుందాం. అంటే వెడల్పుకు 5 రెట్లు. నా 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు దాదాపు ఒక అడుగు. దాన్ని బల్ల మీద పెట్టి 5 అడుగుల వెనక్కి జరిగి నిలబడితే, చివరి వరుస రైతు చూసేంత బొమ్మే నాకూ కనిపిస్తుంది. చదవగలిగితే సరే, లేకపోతే మాటలు తగ్గించి అక్షరం పెంచుతాను. నాకు శీర్షిక వాక్యం 40, మిగతావి 32 కన్నా తగ్గకుండా కుదిరింది. ఒకే సైజులో ఒక్కో ఫాంటు ఒక్కోలా కనిపిస్తుంది కాబట్టి అంకెను గుడ్డిగా నమ్మకుండా ఆ 5 అడుగులు వెనక్కి వెళ్లి చూడండి.

మాట్లాడేటప్పుడు నాకు బాగా అక్కరకొచ్చేది కీబోర్డు మీద బీ మీట. స్లైడ్లు నడుస్తుండగా అది నొక్కితే తెర నల్లబడుతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. ఎవరైనా రైతు లేచి తన చేలో ఏం జరిగిందో చెప్పడం మొదలుపెడితే వెంటనే దాన్ని నొక్కుతాను. తెర ఆరిపోగానే గదిలో తలలన్నీ ఆయన వైపు తిరుగుతాయి. అలాగే స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడుకు వెళ్లవచ్చు. ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పుడు నా నాలుగో స్లైడులో ఉంది. ఎవరు ఎప్పుడు అడిగినా 4, ఎంటర్.

ఆ నాలుగో స్లైడులో మొదట పట్టీల గ్రాఫు ఉండేది. పదిహేను రోజుల లెక్క, పరిమితి దగ్గర ఎర్ర గీత. నాకు ముచ్చటగా అనిపించేది. కానీ పక్కపక్కనే మూడు బుట్టలు గీసి, ఒక్కోదానిలో ఎనిమిదేసి రెక్కల పురుగులు పెట్టి, కింద "మొదటి రోజు, రెండో రోజు, మూడో రోజు" అని రాస్తే, చదువు రాని అమ్మ కూడా లెక్కపెట్టి చెప్పింది. గ్రాఫు ఇప్పుడు శాస్త్రవేత్తల సమావేశానికి ఉంచుకున్నాను. చివరి స్లైడుగా "ధన్యవాదాలు" పెట్టడం కూడా మానేశాను. ప్రశ్నలు జరుగుతున్న ఇరవై నిమిషాలూ తెర మీద ఉండేది ఆ స్లైడే. అక్కడ మూడు బుట్టల బొమ్మ మళ్లీ పెడతాను. రైతులు ఫోన్లు తీసి ఫొటో తీసుకునేది దాన్నే.

మా సహోద్యోగికి ఇవన్నీ ఫోనులో చెబితే ఎక్కడో తెగిపోతాయని ఇలా రాశాను. బుధవారం సాయంత్రానికి సమావేశం జరిగే గది తాళం చెవి అడిగి ఉంచాను. ఆయన స్లైడ్లు నడుపుతారు. నేను వెళ్లి చివరి వరుసలో, కిటికీ పక్కన కూర్చుంటాను.